తిరుగు టికెట్టుతో చదువు

(కావలిలో డిగ్రీ, ఇంజనీరింగ్ మొదటి రెండేళ్ళ విద్యార్థులకీ వాళ్ళ తల్లిదండ్రులకీ ఏర్పాటు చేసిన సమావేశంలో రిటైరైన ఒక ఫిజిక్స్ లెక్చరర్ ప్రసంగం. రికార్డింగ్ విని రాసింది. మైకు మొరాయించిన చోట రెండు మూడు వాక్యాలు పోయాయి.)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో వినపడుతోందా? వినపడనివాళ్ళు చెయ్యెత్తండి. వినపడకపోతే ఈ మాట కూడా వినపడదు కదా అని ముప్పై ఏళ్ళు పాఠం చెప్పినా నాకు తట్టలేదు, మొన్నామధ్య మా మనవరాలు చెప్పింది. (నవ్వులు)

ఎద్దుతో మొదలుపెడతాను. మన ఒంగోలు జాతి పశువులు పంతొమ్మిదో శతాబ్దంలోనే ఓడలెక్కి బ్రెజిల్ వెళ్ళాయి. 1960ల మొదట్లో ఇంకొన్ని వెళ్ళాయి. అక్కడి ఎండకీ గడ్డికీ బాగా ఇమిడిపోయాయి. ఇవాళ బ్రెజిల్‌లో మాంసం కోసం పెంచే పశువుల్లో ఎక్కువ భాగం ఆ సంతతే. వాళ్ళు ఆ జాతికి పెట్టుకున్న పేరేమిటో తెలుసా? నెలోర్. మన జిల్లా పేరు. ఒంగోలు నుంచి వచ్చినవాళ్ళు నామీద కోప్పడొద్దు, పేరు పెట్టింది నేను కాదు.

ఆ ఎద్దు వెళ్ళింది, మళ్ళీ రాలేదు. మన ఇళ్ళలో ఫారిన్ చదువు అనగానే అందరి మనసులో మెదిలేది ఈ ఎద్దు ప్రయాణమే. బీటెక్ అవ్వాలి, లోను పెట్టాలి, ఎమ్మెస్ చెయ్యాలి, ఉద్యోగం రావాలి, వీసా లాటరీ తగలాలి. ఆ తర్వాత సంక్రాంతికి వీడియో కాల్‌లో ముగ్గు చూపించాలి. తప్పని అనను. మా అబ్బాయీ అక్కడే ఉన్నాడు. కానీ ఆ దారి చెప్పడానికి ట్రంకు రోడ్డు పొడుగునా బోర్డులున్నాయి, నేనక్కర్లేదు.

నేను చెప్పబోయేది తిరుగు టికెట్టు ముందే కొనుక్కుని వెళ్ళే చదువు గురించి. రెండు వారాలు, నాలుగు వారాలు, మహా అయితే ఒక సెమిస్టర్. అది కూడా ఫైనల్ ఇయర్లో కాదు, మొదటి రెండేళ్ళలోపు, లేదంటే మూడో ఏడాది మొదట్లో. ఈ మాట చెప్పినప్పుడల్లా ఎవరో ఒక నాన్న లేచి అడుగుతాడు, "ఏంది సార్, ఇన్ని లక్షలు పోసి మూడు వారాలకే వెనక్కి వచ్చేయడమా?" అని. అడగాల్సిన మాటే. జవాబుకి కొంచెం చుట్టు తిరిగి వస్తాను.

అబ్దుస్ సలాం పేరు ఫిజిక్స్ పిల్లలు విని ఉంటారు. 1979లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. ఇప్పటి పాకిస్తాన్ పంజాబ్‌లో ఝంగ్ అనే చిన్న ఊళ్ళో పెరిగాడు. కేంబ్రిడ్జిలో చదివి 1951లో లాహోర్ గవర్నమెంట్ కాలేజీకి వచ్చాడు. వచ్చాక అక్కడ ఆయనతో పరిశోధన మాట్లాడేవాడు లేడు, కొత్త జర్నల్స్ రావు. పైగా పాఠం కాక ఇంకో పని కూడా చెయ్యాలన్నారు. హాస్టల్ వార్డెనా, కాలేజీ లెక్కలా, ఫుట్‌బాల్ టీమా అంటే ఆయన ఫుట్‌బాల్ ఎంచుకున్నాడు. ఇక్కడున్న లెక్చరర్లు నవ్వుతున్నారు చూశారా, వాళ్ళకి తమ మీద పడ్డ ఎన్‌ఎస్‌ఎస్ డ్యూటీ గుర్తొచ్చింది. మూడేళ్ళు ఓర్చుకుని, 1954లో మళ్ళీ కేంబ్రిడ్జికి వెళ్ళిపోయాడు.

వెళ్ళాడు గానీ మనసులో అది ముల్లులా ఉండిపోయింది. దేశంలో ఉంటే చదువు ఎండిపోతుంది, చదువు కావాలంటే దేశం వదలాలి. ఈ రెండిట్లో ఒకటి తేల్చుకోవాల్సిన గతి నా తర్వాతవాళ్ళకి పట్టకూడదు అనుకున్నాడు. పదేళ్ళ తర్వాత, 1964లో, ఇటలీలో ట్రియెస్టే అనే సముద్రపు ఊళ్ళో ఒక ఫిజిక్స్ కేంద్రం పెట్టించాడు. ఐసీటీపీ అంటారు. మనలాంటి దేశాల్లోని మాస్టర్లు, పరిశోధకులు అక్కడికి కొన్ని వారాలో, కొన్ని నెలలో వెళ్ళాలి, కొత్త గాలి పీల్చుకోవాలి, తిరిగి తమ ఊరికి వచ్చి పనిచెయ్యాలి. కొన్నేళ్ళలో మళ్ళీ మళ్ళీ వెళ్ళిరావడానికి అసోసియేట్ అనే పద్ధతి కూడా పెట్టాడు. చూడండి, 'మూడు వారాలకే వచ్చేయడమా' అని ఈ నాన్న అడిగాడే, ఆయన అలా వచ్చేయడానికే అంత పెద్ద సంస్థ కట్టించాడు.

నేను అక్కడికి 1998లో వెళ్ళాను. ముప్పైనాలుగేళ్ళవాణ్ణి, పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు. మూడు వారాల స్కూలు. ఖర్చు వాళ్ళదే. అప్పటికి ఇటలీలో యూరో నోట్లు లేవు, లీరాలు. కాఫీ బిల్లు వెయ్యి దాటి కనిపిస్తే గుండె జారింది, తర్వాత లెక్క కట్టుకుంటే అది ముప్పై నలభై రూపాయలు.

అక్కడ నేను నేర్చుకున్న ఫిజిక్స్ ఏమిటంటే, నిజం చెప్తున్నాను, ఇప్పుడు సగం గుర్తులేదు. గుర్తున్నది రెండో రోజు ఉదయం. ఒకాయన బోర్డు మీద సమీకరణం రాస్తున్నాడు. ముందు వరసలో జుట్టు తెల్లబడ్డ ఒక పెద్దాయన, ఆ రంగంలో పేరున్న మనిషి, చెయ్యెత్తి "ఆ రెండో లైన్లో ఆ అక్షరం దేనికి గుర్తు?" అని అడిగాడు. అంతే. నాకూ అది తెలియదు, కానీ నేను రాసుకుంటూ పోతున్నాను. మా హాల్లో అరవై మంది ఉంటే యాభై మందికి తెలియదని అప్పుడు బయటపడింది. చెప్పేవాడు సిగ్గుపడలేదు, అడిగినవాడు సిగ్గుపడలేదు. "ఓ, చెప్పడం మర్చిపోయాను" అని మళ్ళీ మొదటి నుంచీ చెప్పాడు.

నేను ముప్పైనాలుగేళ్ళు అడగకుండా బతికాను. మా పాఠశాలలో అడిగితే 'ఇంతసేపూ ఏం వింటున్నావురా' అనేవాళ్ళు. నేను మాస్టరయ్యాక అదే మాట నేనూ అన్నాను. నా దగ్గర చదివినవాళ్ళు ఇక్కడే ఉన్నారు, వాళ్ళనడగండి. తిరిగొచ్చాక క్లాసులో ఒక అలవాటు పెట్టాను. పాఠం మధ్యలో ఆపి, చాక్‌పీస్ బల్లమీద పెట్టి, రెండు నిమిషాలు ఊరుకునేవాణ్ణి. ఎవరైనా ఏదైనా అడగొచ్చు. మొదటి నెల ఆ రెండు నిమిషాలూ ఫ్యాను చప్పుడే. రెండో నెల్లో ఒకమ్మాయి "సార్, కిటికీ వెయ్యమంటారా?" అని అడిగింది. ప్రశ్నే కదా, సంతోషించాను. (నవ్వులు) నాలుగో నెలకి అసలు ప్రశ్నలు వచ్చాయి.

ఆ ఉదయం నాకు ముప్పైనాలుగో ఏట కాక పంతొమ్మిదో ఏట దొరికి ఉంటే? నా బాధంతా ఇదే, నేనివాళ ఇక్కడ నిలబడింది కూడా ఇందుకే. ఫైనల్ ఇయర్లో వెళ్ళి వస్తే ఫోటోలు మిగులుతాయి, వచ్చేసరికి క్యాంపస్ ఇంటర్వ్యూలు. రెండో ఏడాదిలో వెళ్ళి వస్తే ఇంకా రెండేళ్ళు అదే క్లాసులో, అదే బెంచీ మీద కూర్చోవాలి. కొత్త కళ్ళతో పాత బెంచీ. అక్కడ చిరాకు పుడుతుంది, ఆ చిరాకు మంచిది.

ఒకమ్మాయి సంగతి చెప్తాను. పేరు చెప్పను. చీమకుర్తి పిల్ల, వాళ్ళ నాన్న గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లో పని. మీకు తెలుసు కదా, మన డిగ్రీలో మొదటి ఏడాది అయ్యాక ఎండాకాలంలో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్ చెయ్యాలి. చాలామంది ఇంట్లో కూర్చుని పక్కింటివాళ్ళ పేర్లతో ఫారాలు నింపేస్తారు. అబ్బాయిలూ, తల దించుకోనక్కర్లేదు, అందరికీ తెలిసిందే. ఈ పిల్ల మాత్రం నిజంగా తిరిగింది. యూనిట్ల పక్కన ఉండే ఇళ్ళకి వెళ్ళి, పొడి ఎంత పడుతోంది, రాళ్ళు కోసిన బురదనీళ్ళు ఎటు పోతున్నాయి, ఆరేసిన బట్టలు ఎన్నిసార్లు మళ్ళీ ఉతుకుతున్నారు అని అడిగి రాసుకుంది. తర్వాతి ఏడు జర్మనీలో నాలుగు వారాల సమ్మర్ స్కూల్‌కి సీటొచ్చింది. పరిశ్రమల వ్యర్థాల మీద కోర్సు. ఫీజు వాళ్ళు మాఫీ చేశారు, టికెట్ కాలేజీవాళ్ళూ బంధువులూ కలిసి పెట్టారు.

వెళ్ళిన మొదటి రాత్రి హాస్టల్ వంటగదిలోకి మంచినీళ్ళకి వెళ్ళింది. లైటు వేసింది. వంటగట్టు నల్లరాయి, అందులో బంగారు చుక్కలు. బ్లాక్ గెలాక్సీ. ఆ రాయి చీమకుర్తి చుట్టుపక్కల తప్ప ఇంకెక్కడా దొరకదు, ఆ చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం మెరుపు. ఆ పిల్ల ఇంటికి అంత దూరాన, తిండి సయించక, నిద్రపట్టక ఉంది. రాయి మీద చెయ్యి పెట్టి ఏడ్చేసింది. నాన్నకి వీడియో కాల్ చేసింది. ఇక్కడ తెల్లారుజాము. ఆయన కళ్ళు నులుముకుని చూసి ఏమన్నాడో తెలుసా? "ఆ అంచు దగ్గర పెట్టమ్మా ఫోను. ఆఁ... అంచు ఎట్టా తిప్పారో చూడు, గుండ్రంగా. చేత్తో రాసి చెప్పు, గరుకు తగులుతుందా?" కూతురి ఏడుపు ఆయనకి కనపడలేదని కాదు. ఏడుపు ఆపడానికి ఆయనకి తెలిసిన మార్గం అది.

మర్నాటి నుంచి క్లాసులో ఆ పిల్లే మాట్లాడిందట. మిగతావాళ్ళ దగ్గర గ్రాఫులున్నాయి, ఈమె దగ్గర ఇళ్ళున్నాయి. బురదలో ఏమేమి ఉంటుంది అని ప్రొఫెసర్ అడిగితే, ఎండితే ఎలా ఉంటుందో, గాలికి ఎంత దూరం లేస్తుందో, ఏ నెలలో ఎక్కువో చెప్పింది. తిరిగొచ్చి ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ ఆ పొడితో ఇటుకలు చెయ్యడం మీదే చేసింది. ఇక్కడ కష్టపడి చూసింది లేకపోతే అక్కడ ఆ నాలుగు వారాలూ మిగతావాళ్ళలాగే నోట్సు రాసుకుని వచ్చేది.

దీనికి ఎదురు కథ కూడా చెప్పాలి కదా. ఇంకో అబ్బాయి, చురుకైనవాడు, మూడు వారాలు వెళ్ళాడు. క్లాసు అవగానే గదికి పోయి తలుపేసుకుని ఇక్కడి స్నేహితులతో ఫోను. ఐపీఎల్ కూడా వదల్లేదు. వచ్చాక ఏం చూశావురా అంటే "వైఫై సూపర్ సార్" అన్నాడు. వాణ్ణి తిట్టలేదు. పద్దెనిమిదేళ్ళకి మొదటిసారి ఇల్లు వదిలినవాడు, వాడి పక్కన ఎవరూ లేరు.

ఇంకో రకం ఉంది, దాని మీద మాత్రం నాకు కొంచెం కోపం. ఒకే కాలేజీ పిల్లలు నలభై మంది, ఒకే బస్సు, ఒకే వంటమనిషి, ఉదయం ఒక యూనివర్సిటీ గేటు దగ్గర ఫోటో, సాయంత్రం షాపింగ్, చివర్లో సర్టిఫికెట్. తెలుగులోనే వెళ్ళి తెలుగులోనే వస్తారు. దాన్ని స్టడీ టూర్ అంటున్నారు. అది శ్రీశైలం యాత్ర. శ్రీశైలానికి ఇంత ఖర్చు కాదు, పుణ్యం కూడా వస్తుంది. (నవ్వులు, చప్పట్లు)

ఇప్పుడు కాగితాల సంగతి. కొంచెం ఓపిక పట్టండి, మోసపోయేదీ డబ్బు పోయేదీ ఇక్కడే.

మొదట సోఫియా కొరాడి అనే ఇటలీ ఆవిడ కథ. 1950ల చివర్లో స్కాలర్‌షిప్ మీద అమెరికాలో కొలంబియా యూనివర్సిటీకి వెళ్ళి లాలో మాస్టర్స్ చేసి వచ్చింది. రోమ్‌లో తన డిగ్రీ ఇంకా పూర్తికాలేదు. అక్కడ చదివింది ఇక్కడ లెక్కలో వేసుకోండి అని యూనివర్సిటీ ఆఫీసుకి వెళ్ళింది. చెల్లదు పొమ్మన్నారు, అదీ అవమానకరంగా. ఆవిడ ఊరుకోలేదు. అక్కడ చదివింది ఇక్కడ చెల్లాలి అని ఏళ్ళ తరబడి మంత్రుల చుట్టూ, వైస్ ఛాన్సలర్ల చుట్టూ తిరిగింది. 1987లో యూరప్ దేశాలు ఎరాస్మస్ పథకం మొదలుపెట్టాయి. మొదటి ఏడాది 11 దేశాల నుంచి 3,244 మంది విద్యార్థులు పక్క దేశానికి వెళ్ళి చదివి వచ్చారు. తర్వాత ఆ సంఖ్య లక్షల్లోకి పోయింది. ఆవిణ్ణి అక్కడి పిల్లలు 'అమ్మ ఎరాస్మస్' అని పిలుచుకున్నారు. ఒక గుమాస్తా విసుక్కున్న విసుగులోంచి ఇంత పథకం పుట్టింది. మన ఆఫీసుల్లో ఆ లెక్కన ఎన్ని పథకాలు పుట్టాలో!

అందువల్ల నేను చెప్పే మొదటి మాట, వెళ్ళేముందే మీ కాలేజీని రాతపూర్వకంగా అడగండి. నేను అక్కడ చదివేదానికి ఇక్కడ క్రెడిట్లు ఇస్తారా? ఏ సబ్జెక్ట్ బదులు ఇస్తారు? నోటిమాట వద్దు. ఇప్పుడు చేతిలో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఉంది, 2021 నుంచి, సంపాదించిన క్రెడిట్లు జమ చేసుకునే ఖాతా లాంటిది. యూజీసీ 2022లో ట్విన్నింగ్, అంటే ఇక్కడి సంస్థా విదేశీ సంస్థా కలిసి నడిపే చదువు, దానికి నిబంధనలు పెట్టింది, వాటి కింద మన కోర్సులో 30 శాతం వరకు క్రెడిట్లు విదేశీ యూనివర్సిటీలో చెయ్యొచ్చు. అయితే అది రెండు సంస్థల మధ్య ఒప్పందం ఉన్నప్పుడే. మీ అంతట మీరు వెళ్ళి రెండు వారాలు కూర్చుని వచ్చి 'నా 30 శాతం ఏదీ' అంటే ఎవరూ ఇవ్వరు.

క్రెడిట్ల లెక్క కూడా ఒకటి కాదు. యూరప్‌లో ఏడాదికి 60 క్రెడిట్లు, మన నేషనల్ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్‌లో ఏడాదికి 40. అక్కడ ఆరు చేసొస్తే ఇక్కడ నాలుగే అనుకోండి. డాలరు రూపాయి మార్చినట్టు మార్చుకోవాలి. క్రెడిట్లు రాకపోతే వెళ్ళొద్దా? వెళ్ళొచ్చు. నాకు ట్రియెస్టేలో వచ్చింది ఒక కాగితం ముక్క, దానితో ఇంక్రిమెంటు కూడా రాలేదు. కానీ రావని తెలిసి వెళ్ళండి.

అటెండెన్స్ ఒకటుంది. యూరప్‌లో సమ్మర్ స్కూళ్ళు ఎక్కువగా జులై, ఆగస్టుల్లో. అప్పటికి మన సెమిస్టర్ మొదలైపోయి ఉంటుంది. 75 శాతం దగ్గర ఇరుక్కుంటారు. ప్రిన్సిపాల్ దగ్గర ముందే అనుమతి లెటరు తీసుకోండి, జిరాక్స్ ఇంట్లో పెట్టండి.

ఇక డబ్బు. నా అభిప్రాయం సూటిగా చెప్తాను, నచ్చకపోవచ్చు. ఈ చిన్న చదువులకి పొలం అమ్మొద్దు, బంగారం కుదువ పెట్టొద్దు, ఎడ్యుకేషన్ లోను అసలే వద్దు. లోను తీర్చడానికి తర్వాత జీతం రావాలి, నాలుగు వారాల చదువుకి జీతం పెరగదు. ఎవరు డబ్బు పెడుతున్నారు అన్నది మొదటి ప్రశ్న. ఎక్స్ఛేంజ్ ఒప్పందం ఉంటే సాధారణంగా ఫీజు ఇక్కడిదే కడతారు, అక్కడ కట్టనక్కర్లేదు, బస తిండి మీది. జపాన్‌వాళ్ళ సకురా సైన్స్ అని ఉంది, 2014 నుంచి ఆసియా విద్యార్థుల్ని కొద్ది రోజులకి పిలుస్తున్నారు. దానికి విద్యార్థి సొంతంగా అప్లై చెయ్యలేడు, జపాన్ సంస్థ పిలవాలి, కాబట్టి మీ లెక్చరర్లని ఉత్తరాలు రాయమని విసిగించండి. కెనడా మైటాక్స్ వాళ్ళది పన్నెండు వారాల రీసెర్చ్ ఇంటర్న్‌షిప్, అది డిగ్రీ చివరికొచ్చినవాళ్ళకి. మొదటి ఏడాది పిల్లలు దాని పేరు గోడ మీద రాసిపెట్టుకోండి చాలు. జర్మనీ సమ్మర్ కోర్సులు చాలావరకు డాడ్ (DAAD) అనే అక్కడి స్కాలర్‌షిప్ సంస్థ వెబ్‌సైట్లో ఒకచోట దొరుకుతాయి, అందులో ఫీజు ఎంతో కూడా రాసి ఉంటుంది. నిబంధనలు ఏటా మారతాయి, పోయినేడు మీ అన్న చెప్పింది ఈ ఏడు నమ్మొద్దు.

ఇంకొకటి, విదేశమే కానక్కర్లేదు. మన దేశపు మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఎండాకాలంలో రెండు నెలల ఫెలోషిప్ ఇస్తాయి. డబ్బు వాళ్ళే ఇస్తారు, బెంగళూరులోనో పుణెలోనో ఒక ల్యాబ్‌లో పెడతారు. ఉదయగిరి నుంచి వచ్చిన పిల్లకి బెంగళూరు ల్యాబు తక్కువ విదేశమేం కాదు.

పేరు చూసి మోసపోవద్దు. మా వీధిలో ఒకాయన, రొయ్యల చెరువులున్న మనిషి, కొడుకుని ఇంగ్లండులో పేరు మోసిన యూనివర్సిటీకి సమ్మర్ స్కూల్ అని పంపాడు. కన్సల్టెన్సీవాళ్ళు కుదిర్చారు. ఫ్లెక్సీ కూడా వేశాం, నేనూ ఫోటోలో ఉన్నాను. తీరా చూస్తే అది ఆ యూనివర్సిటీ నడిపేది కాదు. సెలవుల్లో అక్కడి హాళ్ళూ గదులూ ప్రైవేటు కంపెనీలకి అద్దెకిస్తారు, మన కల్యాణ మండపాల్లాగా. ఆ కంపెనీ అద్దెకి తీసుకుని క్లాసులు పెట్టింది. సర్టిఫికెట్ మీద కంపెనీ పేరు, వెనకాల గోపురం బొమ్మ. చట్టప్రకారం తప్పేమీ లేదు, అన్నీ చిన్న అక్షరాల్లో రాసే ఉంది. ఆయన చదవలేదు, నేను చదవగలిగీ చదవలేదు. ఆ పాపం కొంత నాది. సర్టిఫికెట్ ఎవరిస్తారు, మార్కుల షీటు ఎవరిస్తారు అని ముందే నమూనా అడిగి చూడండి.

పేరు అంటే ఇంకో పేరు గుర్తొచ్చింది, మీ పేరు. టెన్త్ సర్టిఫికెట్లో ఒకలా, ఆధార్‌లో ఒకలా, పాస్‌పోర్ట్‌లో ఇంకోలా. మనకి ఇంటిపేరు ముందుంటుంది, వాళ్ళకి చివర్లో. కొంతమంది ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేస్తారు. అలా ఒక్క పేరే ఉంటే అమెరికా వీసాలో ఆ పేరుని ఇంటిపేరు గడిలో వేసి, మీ పేరు ఉండాల్సిన చోట ఎఫ్‌ఎన్‌యూ అని కొడతారు. ఫస్ట్ నేమ్ అన్‌నోన్. తల్లిదండ్రులు బారసాల చేసి మరీ పెట్టిన పేరు తెలియదంట! పాస్‌పోర్ట్ ఇప్పుడే అప్లై చెయ్యండి, సీటు వచ్చాక కాదు. మామూలు పుస్తకం 1,500 రూపాయలు, పదేళ్ళుంటుంది. ఇంటర్ అయి వచ్చినవాళ్ళలో చాలామందికి ఇంకా పదిహేడే. పద్దెనిమిది నిండకపోతే వీసాకి అమ్మానాన్నల అంగీకార పత్రాలు కావాలి, అవి వేరే పని.

యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే షెంగెన్ వీసా అయితే ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకి మించకూడదు. ఫీజు 90 యూరోలు, యూరో ఇప్పుడు వంద రూపాయలు దాటింది. 30,000 యూరోలకి తగ్గకుండా మెడికల్ ఇన్సూరెన్స్ ఉండాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచీ అప్లై చెయ్యొచ్చు, మనవాళ్ళు ఇరవై రోజుల ముందు చెన్నై పరిగెత్తుతారు.

బ్యాంకు స్టేట్‌మెంట్ గురించి రైతులకి ఒక మాట. కొంతమంది వడ్డీకి తెచ్చి నెల రోజులు ఖాతాలో చూపిస్తారు. వీసా ఆఫీసరు అమాయకుడు కాదు, ఎప్పుడు పడిందో చూస్తాడు. దాని బదులు మన నిజమే చెప్పుకోవచ్చు. రొయ్యలు పట్టిన రోజున ఒకేసారి పది లక్షలు పడతాయి, పొగాకు వేలంలో పోతే ఒకేసారి పడతాయి, మిగతా ఏడాదంతా ఖాతా బోసిగా ఉంటుంది. చూసేవాడికి అది అనుమానంగానే కనిపిస్తుంది. అందుకని కొన్నవాళ్ళ బిల్లులు, పట్టాదారు పాస్‌బుక్, పోయిన రెండేళ్ళ స్టేట్‌మెంట్లు జతచేసి, 'మా ఆదాయం పంటకి ఒకసారి వస్తుంది' అని ఒక పేజీ లెటరు పెట్టండి. పొలం పంట ఒక్కటే ఆదాయమైతే దానికి పన్ను లేదు కాబట్టి రిటర్న్స్ ఉండవు, ఆ ముక్క కూడా రాయండి; రొయ్యల చెరువులకి మాత్రం ఇది వర్తించదు. చెప్పకపోతే వాళ్ళకెలా తెలుస్తుంది?

(ఇక్కడ మైకు ఆగింది.)

...ఆఁ, వచ్చింది. ఆ అమ్మ ఏదో అడుగుతున్నారు. చెప్పండమ్మా. "తినడానికి ఏం పెట్టి పంపాలి?" సంచిలో ఏం పెట్టాలో అడగని తల్లి ఉండదు. యూరప్‌లోకి మాంసం, పాలతో చేసినవి తీసుకెళ్ళనివ్వరు. నెయ్యి సీసా వద్దు. మన నెల్లూరు మలై కాజాలు కూడా వద్దమ్మా, విమానాశ్రయంలో వాళ్ళు పారేస్తుంటే చూడలేం. కారప్పొడి, గోంగూర పచ్చడి పెట్టండి. పచ్చడి సీసాకి రెండు కవర్లు, టేపు, మళ్ళీ కవరు. మా వాడి ల్యాబ్ కోటు ఇప్పటికీ గోంగూర రంగులోనే ఉంది.

ఇంకెవరు? ఆ మూల అమ్మాయి. లేచి చెప్పమ్మా, గట్టిగా. "సార్, నాకు ఇంగ్లీషు సరిగా రాదు, తెలుగు మీడియం. అక్కడ అందరూ నవ్వితే?"

నవ్వుతారమ్మా కొందరు. నేను ట్రియెస్టేలో మొదటివారం నోరు విప్పలేదు. రెండో వారం భోజనాల దగ్గర పక్కన ఒక వియత్నాం లెక్చరర్ కూర్చున్నాడు. ఆయన ఇంగ్లీషు నాకంటే అన్యాయం. ఇద్దరం పేపరు నేప్కిన్ మీద బొమ్మలు గీసుకుంటూ గంటన్నర మాట్లాడుకున్నాం. సమీకరణం రాస్తాడు, వేలితో కొట్టి చూపిస్తాడు, తల అడ్డంగా ఊపుతాడు. నేను కింద ఇంకోటి రాస్తాను. ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ళతో నేను అంతసేపు మాట్లాడలేదు, భయంతో. నీ సబ్జెక్ట్ ఏమిటమ్మా? బోటనీనా. ఏ ఊరు? ఉలవపాడు! మామిడితోటల ఊరు. ఒక పని చెయ్యి. ఈ సీజన్లో మీ తోటల్లో పూత ఎప్పుడు పడింది, ఏ చెట్టుకి ఎంత కాయ నిలిచింది, రోజూ ఒక నోట్‌బుక్‌లో రాయి. తెలుగులోనే రాయి. వచ్చే ఏడు ఆ పుస్తకం పట్టుకుని మా ఇంటికి రా, అప్లికేషన్ ఇద్దరం కూర్చుని ఇంగ్లీషులో పెడదాం.

కందుకూరు బస్సు వాళ్ళు లేస్తున్నారు, నాకు కనపడుతోంది. వెళ్ళండి, వెళ్ళండి. పాస్‌పోర్ట్ ఫారం ఎలా నింపాలో చూపించమన్నవాళ్ళు మాత్రం ఈ పక్క బల్ల దగ్గరికి రండి, టెన్త్ సర్టిఫికెట్ తీసి చేతిలో పెట్టుకోండి.